చీమకుర్తి గ్రానైట్ కొటేషన్‌లో లోడింగ్ ఛార్జీ గొడవ

మీ గ్రానైట్ కొటేషన్‌లో లోడింగ్ ఛార్జీ మీద కొన్నవాళ్లతో గొడవ రావడానికి ‘అండ్’ ముందు కామా లేకపోవడమే కారణం. అదనపు ఛార్జీల కింద మీరు రాసింది: ‘కటింగ్, పాలిషింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ అండ్ లోడింగ్’. ప్యాకింగే షిప్‌మెంట్‌కీ లోడింగ్‌కీ అని కొన్నవాళ్లు చదివారు. అందుకే లోడింగ్‌కి విడిగా డబ్బు ఇవ్వబోమని అంటున్నారు. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రపు డెయిరీ డ్రైవర్ల ఓవర్‌టైమ్ కేసు (2017) ఇలాంటి కామా మీదే నడిచి, 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ అయింది.

1. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా పెట్టి, సవరించిన కొటేషన్ పంపండి.
2. అందరూ మరిచేది ఇదే: ఇన్‌వాయిస్, కాంట్రాక్టు, ప్యాకింగ్ లిస్టు అన్నిట్లో చివరి అంశం ముందు కామా ఉండాలి. ఒకచోట పెట్టి మరోచోట వదిలితే, కావాలనే వదిలారని వాదిస్తారు. ఇంగ్లిష్ రాత నియమాల్లో ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) స్టైల్ మామూలు జాబితాల్లో ఈ కామా వద్దంటుంది, చికాగో మాన్యువల్ పెట్టాలంటుంది. డబ్బు కాగితాలకు చికాగో పద్ధతే పట్టుకోండి.
3. ‘మా ఏజెంట్, క్వారీ ఓనర్, అండ్ డ్రైవర్’ అంటే క్వారీ ఓనరే మీ ఏజెంట్ అని కూడా చదవొచ్చు కాబట్టి, కామా ఉన్నా ఇద్దరో ముగ్గురో తేలదు. అలాంటివి ఒక్కో లైన్లో ఒక్కోటి రాయండి.