వీఎం (వర్చువల్ మెషీన్) మారాక దశాంశ లెక్కలే తప్పుతున్నాయా?
తమ్ముడూ, బెజవాడలో ప్రాజెక్టు గడువు దగ్గరపడి టెన్షన్ పడుతున్నావని అర్థమైంది. నువ్వు రాస్తున్న హైపర్‌వైజర్‌లో (వీఎంలను నడిపే ప్రోగ్రామ్) రెండు గెస్టుల్ని, అంటే దాని మీద నడిచే వీఎంలను, మార్చి మార్చి నడిపితే పూర్ణాంకాలు సరిగ్గానే వచ్చి దశాంశాలు తప్పుతున్నాయంటే, ఆర్‌ఏఎక్స్ నుంచి ఆర్15 దాకా ఉన్న సాధారణ రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వలు) దాచావు, దశాంశ లెక్కలు జరిగే ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లను వదిలేశావు. ఇంటెల్ ప్రాసెసర్ వీఎంసీఎస్‌లో (ఒక్కో వీఎం స్థితిని ఉంచే మెమరీ భాగం) ఆర్‌ఐపీ, ఆర్‌ఎస్‌పీ, సీఆర్3 లాంటివాటినే తనంతట తాను దాస్తుంది. సాధారణ, ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లు మన బాధ్యతే.

వీఎం ఎగ్జిట్ (గెస్ట్ ఆగి కంట్రోల్ హైపర్‌వైజర్‌కి రావడం) అవగానే సాధారణ రిజిస్టర్లు దాచి, సీ ఫంక్షన్ ఏదీ పిలవకముందే హోస్ట్ (హైపర్‌వైజర్ వైపు) ఎక్స్‌సీఆర్0 (ఎక్స్‌ఎంఎం లాంటి ఏ రిజిస్టర్ సమూహాలు వాడొచ్చో చెప్పే రిజిస్టర్) వేసి ఎక్స్‌సేవ్ (వాటిని మెమరీలో దాచే ఆదేశం) చెయ్యి. లోపలికి పంపేటప్పుడు ముందు ఆ గెస్ట్‌ది ఎక్స్‌ఆర్‌స్టోర్ (దాచినవాటిని తిరిగి నింపే ఆదేశం), ఆ తర్వాతే దాని ఎక్స్‌సీఆర్0. ఎక్స్‌సేవ్ దాచే బఫర్ 64 బైట్ల హద్దు మీద లేకపోతే ఫాల్ట్ వస్తుంది, గుంటూరులో నేను రెండు రాత్రులు దీనికే పోగొట్టుకున్నాను. అన్నట్టు, సీఆర్2 (పేజ్ ఫాల్ట్ వచ్చిన అడ్రస్ ఉండే రిజిస్టర్) కూడా వీఎంసీఎస్‌లో ఉండదు, దాన్నీ విడిగా దాచు.