‘గా’ ఉన్నచోటల్లా ‘లీ’ రాదమ్మా

తిరుపతి,
బైరాగిపట్టెడ.

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఇంగ్లిష్ కథ అందింది. రెండుసార్లు చదివాను. గోవిందరాజస్వామి గుడి ముందు పూలమ్మే ఆ తల్లి, కూతురు గొడవపడి వెళ్లిపోయాక కూడా ఎవరికో మూర కొలిచి ఇవ్వడం చాలాసేపు గుర్తుండిపోయింది. కథ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం నువ్వు కాగితం అంచున పెన్సిల్‌తో రాసిన ప్రశ్న కోసం. ‘మాట చివర లీ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు ఎప్పటికీ అంతుపట్టదు పెదనాన్నా, రాయడానికి కూర్చుంటే అదే టెన్షన్’ అన్నావు కదా.

కథలో పదకొండు చోట్ల ఆ పొరపాటు ఉంది. లెక్కపెట్టాను, ఏమీ అనుకోవద్దు. ముప్పై ఏళ్లు ఊరివాళ్ల ఇంగ్లిష్ ఉత్తరాలు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండదు. ఆ పదకొండులో తొమ్మిదింటికి కారణం ఒక్కటే. నీకు ఇంగ్లిష్ రాక కాదు, తెలుగు మరీ బాగా వచ్చి.

ముందు నా పరువు సంగతి విను. 1986లో చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉత్తరాలు రాసే పనికి చేరాను. తోతాపురి గుజ్జు, 3.1 కిలోల డబ్బాలు, అట్టపెట్టెకు ఆరు. పొరుగుదేశపు బేరగాడు ఒకాయన డబ్బాలు ఉబ్బుతున్నాయని ఫిర్యాదు రాశాడు. ఓనరు నన్ను పిలిచి ‘అన్నీ గట్టిగా పరీక్ష చేసే పంపినామని రాయి’ అన్నాడు. గట్టి అంటే హార్డ్. గట్టిగా అంటే హార్డ్‌లీ. ఇంకేం కావాలి? ‘ఆల్ ద క్యాన్స్ వర్ హార్డ్‌లీ టెస్టెడ్’ అని టైపు కొట్టి, కింద ఆయన చేత సంతకం పెట్టించి పంపాను. పదిరోజులకు జవాబొచ్చింది: ఈసారి పరీక్ష చేసి పంపండి అని. హార్డ్‌లీ అంటే ‘చేసీ చెయ్యనట్టు’ అని ఆ రోజు తెలిసింది. ఓనరు కాగితం నా ముందు పడేసి ‘ఏమబ్బా, చూసినట్టా చూడనట్టా?’ అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అసలు సంగతి. మనం రోజూ ఏమంటాం? ఫాస్ట్‌గా పో. స్లోగా నడుపు. నీట్‌గా సర్దు. సీరియస్‌గా చెప్తున్నా. ఇంగ్లిష్ విశేషణాన్ని తీసుకుని దానికి మన గా తగిలిస్తాం. చక్కగా అతుక్కుంటుంది. తర్వాత ఇంగ్లిష్‌లో రాయాల్సి వచ్చినప్పుడు గా తీసేసి ఆ ఖాళీలో లీ పెడతాం. నీట్‌గా నీట్లీ అయింది, సరిపోయింది. సీరియస్‌గా సీరియస్లీ అయింది, అదీ సరిపోయింది. అలా నాలుగుసార్లు సరిపోయేసరికి ధైర్యం వచ్చి ఫాస్ట్‌గాను ఫాస్ట్‌లీ చేస్తాం. అలాంటి మాట లేదు. నీ కథ రెండో పేజీలో ఉంది.

ఫాస్ట్, హార్డ్, లేట్, ఎర్లీ. ఇవి విశేషణంగా ఉన్నా, క్రియావిశేషణంగా ఉన్నా అదే రూపం. ఒకప్పటి ఇంగ్లిష్‌లో వీటిలో కొన్నింటికి క్రియావిశేషణం అయినప్పుడు చివర చిన్న అచ్చు ఉండేది. వాడుకలో అది అరిగిపోయి రెండూ ఒకేలా మిగిలాయి. వింతేమీ కాదు. మనం ‘గబగబా రా’ అంటాం. ‘గబగబాగా రా’ అని పసిపిల్ల కూడా అనదు. ఫాస్ట్ కూడా అలాంటిదే అనుకో.

ఘాట్ రోడ్డులో ‘గో స్లో’ అన్న బోర్డు చూసి, అది తప్పు కదా, స్లోలీ అనాలి కదా అని పోయినసారి వచ్చినప్పుడు అడిగావు. తప్పు కాదు. స్లో కూడా ఆ పాత కుటుంబమే, కాకపోతే దానికి లీ ఉన్న తోబుట్టువు కూడా ఉంది. బోర్డు మీద, మాటల్లో స్లో చెల్లుతుంది. పద్ధతిగా రాసే ఉత్తరంలో స్లోలీ రాయి. (తిరుమల ఘాట్‌లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కన్నా ముందు చేరకూడదన్న నియమం ఉంది. అక్కడ నెమ్మది వ్యాకరణం కాదు, చట్టం.)

లీ తగిలిస్తే అర్థమే మారిపోయే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. లేట్లీ అంటే ఆలస్యంగా కాదు, ఈమధ్య. నియర్లీ అంటే దగ్గరగా కాదు, దాదాపు. ఇక్కడ ఒక లాడ్జి బోర్డు మీద ‘నియర్లీ టు బస్టాండ్’ అని చాలాకాలం ఉండింది. దాదాపు బస్టాండే అన్నమాట. ఆ చప్పుడుకు అంతే అనిపించేది కూడా.

ఇవి గుర్తుపెట్టుకుంటే పోయేవి. గుర్తుపెట్టుకుంటే పోనిది వేరే ఉంది, నీ తొమ్మిదిలో ఆరు తప్పులు దానివే.

‘ద ఫ్లవర్స్ స్మెల్డ్ స్వీట్లీ’ అని రాశావు. పూలు తియ్యగా వాసన వేశాయి అనుకున్నావు, గా ఉంది కనుక లీ పెట్టావు. మన గా ఎక్కడిదో తెలుసా? ‘అవు’ అనే క్రియ నుంచి వచ్చింది. ‘కాక’లోనూ ‘కావడం’లోనూ ఉన్న ‘కా’ మెత్తబడి ‘గా’ అయింది. అంటే తియ్యగా అన్నప్పుడు అది పని జరిగిన తీరునే చెప్పాలని లేదు. ఒక వస్తువు ఎలా ఉందో కూడా చెప్పగలదు. ‘పాయసం తియ్యగా ఉంది’లో తియ్యదనం పాయసానిది, ఉండటానిది కాదు. ‘ఆమె తియ్యగా పాడింది’లో తియ్యదనం పాడటానిది. మన గా రెండిళ్లలోనూ చొరవగా తిరుగుతుంది. లీకి ఆ చొరవ లేదు. వస్తువు గుణం చెప్పాలంటే ఇంగ్లిష్‌కి ఉత్త విశేషణమే కావాలి: స్వీట్. పూలు తియ్యనివి, వాసన చూసే పని పూలది కాదు కదా.

మరి ఎక్కడ ఏదో ఎలా తెలుస్తుంది? బడి పుస్తకాల్లో ఆ క్రియల జాబితా ఇస్తారు: లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్, సీమ్. నేను ఆ జాబితా బట్టీపట్టి కూడా తప్పులు రాశాను. ఎందుకంటే ఇంగ్లిష్‌లో లుక్ ఒక్కటే రెండు పనులు చేస్తుంది. తెలుగు అలా కాదమ్మా, రెండింటికీ విడివిడిగా మాటలు పెట్టుకుంది: చూడటం, కనిపించడం. అందుకే అనుమానం వస్తే ఇంగ్లిష్ వైపు కాదు, తెలుగు వైపు తిరుగు. నాలుగో పేజీలో ‘ద మదర్ లుక్డ్ శాడ్లీ’ అని ఆపేశావు. నీ మనసులో ఏముంది? తల్లి దిగులుగా కనిపించింది. కనిపించింది అయితే శాడ్. అదే, దిగులుగా పూలబుట్ట వైపు చూసింది అయితే శాడ్లీ, ఆ తర్వాత ‘ఎట్ ద బాస్కెట్’ రావాలి. మిగతావీ ఇంతే. పులుసు రుచి చూసిందా, పులుసు రుచిగా ఉందా? మల్లెలు వాసన చూసిందా, మల్లెలు వాసన వేశాయా? మన క్రియే తేల్చేస్తుంది. వ్యాకరణ పుస్తకం లేకుండా నాకు ఇరవై ఏళ్లుగా పని జరుగుతోంది.

‘ఐ ఫెల్ట్ బాడ్లీ’ కూడా ఈ కొమ్మదే. బాధగా అనిపించింది అంటే బాడ్ చాలు. బాడ్లీ అన్నావంటే అనిపించుకోవడమే సరిగ్గా చేతకాలేదన్న అర్థం కూడా రావచ్చు. కానీ ‘ఐ నీడ్ ఇట్ బాడ్లీ’ అంటే గట్టిగా అవసరం. అక్కడ బాడ్లీకి చెడుతో సంబంధమే లేదు. ఇదిగో, ఇలాంటివి చూసినప్పుడే ఇంగ్లిష్ మీద కోపం వస్తుంది.

బాగా గురించి నాకో పాత కక్ష ఉంది. ఎన్ని పనులని చేస్తుంది! బాగా పాడింది, వెల్. పాట బాగా ఉంది, గుడ్. బాగా ఆలస్యమైంది, వెరీ. బాగా తిన్నాను, ఎ లాట్. బాగున్నావా అంటే మళ్లీ వెల్, కానీ ఆ వెల్ ఆరోగ్యం చెప్పే విశేషణం. బాగా కనిపించిన ప్రతిచోటా ఆగు. నీ కథలో ‘షి సింగ్స్ గుడ్’ అని ఉంది. అది గా వల్ల వచ్చింది కాదు, ఆ ఇంగ్లిష్ సీరియళ్లు చూసి వచ్చింది. పాత్ర నోట్లో అయితే అలాగే ఉంచు, అమెరికాలో చాలామంది అలాగే అంటారు. కథ చెప్పే గొంతులో మాత్రం వెల్.

గా వల్ల రాని తప్పుల్లో రెండోది ‘ద కండక్టర్ స్పోక్ ఫ్రెండ్లీ’. లీ ఉందని మోసపోయావు. కాస్ట్లీ చీర అంటావు కదా, అది విశేషణం కాదూ? ఫ్రెండ్లీ, లోన్లీ, లవ్లీ అన్నీ ఆ బాపతే. ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అని రాయొచ్చు. నేనైతే కండక్టరు ఏమన్నాడో అదే రాసేస్తాను. చిల్లర లేకపోయినా పర్లేదమ్మా, కూర్చో అన్నాడా? స్నేహం అందులో ఉంది.

అలాగని లీ మాటలన్నీ ఏరిపారెయ్యమని చెప్పను. ఈమధ్య కొత్త రచయితలకు అందరూ ఇస్తున్న సలహా అదే. నాకు నచ్చదు. అవసరమైన చోట క్రియావిశేషణం లేకపోతే వాక్యం ఉప్పు లేని పప్పులా ఉంటుంది.

ఇక నాకు ఇష్టమైన చోటు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి ఒకామె ఇంటికొచ్చిందనుకో. ‘షి కేమ్ హోమ్ టైర్డ్’ అంటే ఇంటికొచ్చిన మనిషి అలసిపోయి ఉంది. ‘టైర్డ్లీ’ అంటే రావడమే ఈడ్చుకుంటూ వచ్చింది. రెండూ సరైన వాక్యాలే, రెండూ వేర్వేరు. నీ తల్లి పాత్రను ఒకచోట ‘స్టుడ్ సైలెంట్లీ’ అన్నావు. తప్పేమీ లేదు. అయినా ‘స్టుడ్ సైలెంట్’ అని చదివి చూడు. మౌనం నిలబడటం మీద నుంచి మనిషి మీదకు వచ్చేస్తుంది. ఇక్కడ నియమం తోడు రాదు, నువ్వే తేల్చుకోవాలి. మూర కొలిచే వాక్యంలో మాత్రం సైలెంట్లీని కదపకు. అక్కడ నేను చూడాల్సింది ఆమె చేతుల్ని.

వంటలోనూ, రంగుల్లోనూ ఇంకో మెలిక ఉంది, త్వరగా చెప్పేస్తాను. ‘తలుపుకి పచ్చగా రంగు వేశారు’లో పచ్చదనం పని అయ్యాక తలుపుకి వచ్చింది, కనుక ‘పెయింటెడ్ ద డోర్ గ్రీన్’. ఉల్లిపాయ ‘సన్నగా తరగడం’ తరిగే తీరు, కనుక ఫైన్లీ చాప్డ్. జడ బిగుతుగా అల్లిందంటే టైట్ అన్నా, టైట్లీ అన్నా ఎవరూ కొట్టరు.

తప్పుల పక్కన సరైన మాట రాయలేదు, పెన్సిల్‌తో గీత మాత్రం గీశాను. ఒక్కోదాన్నీ తెలుగులో ఒకసారి పైకి చదువుకుని నువ్వే దిద్ది పంపు. ఆరో పేజీలో గీత గీసి మళ్లీ చెరిపేసిన చోటు ఒకటి ఉంది, అది నా తొందరపాటు, పట్టించుకోకు.

తోటలో బేనీషా మామిడి కోతకు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పండ్లు పంపొద్దని చెప్పు, బస్సులో నలిగిపోతాయి. పచ్చికాయలు పంపమను, ఇక్కడ గడ్డిలో మాగేస్తాం.

ఇట్లు,
పెదనాన్న