గడువు తిరిగే ప్రతిసారీ బిల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా సంస్థ యంత్రాల నిర్వహణకు కాంట్రాక్టులు తీసుకుంటుంది. ఇంతవరకు నెలనెలా స్ప్రెడ్‌షీట్ చూసుకుని, ఎవరి గడువు వచ్చిందో గుర్తించి, ఇన్‌వాయిస్‌లు చేత్తో తయారుచేసేవాళ్లం. ఇప్పుడు కాంట్రాక్టుల నిర్వహణ సాఫ్ట్‌వేర్ కొన్నాం. బిల్లులు వాటంతట అవే తయారయ్యేలా ఏర్పాటు చేసుకోవాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక సర్వీస్ మేనేజర్)

జవాబు: సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు కాంట్రాక్టు కాగితాలు తెరవండి. బిల్లు ఎప్పుడు వెళ్లాలి, ఎంత కాలానికి వెళ్లాలి, ఎవరి పేర వెళ్లాలి అనే మూడు సంగతులు చాలా ఒప్పందాల్లో అరకొరగానే రాసి ఉంటాయి. ఇంతకాలం ఆ లోటును మీ బిల్లింగ్ విభాగంలోని వారెవరో జ్ఞాపకంతో పూడుస్తూ వచ్చి ఉంటారు. ఫలానా కస్టమర్‌కు మూడు నెలలకోసారి, మరొకరికి పని పూర్తయ్యాకే, ఇంకొకరికి పర్చేజ్ ఆర్డర్ (కస్టమర్ ఇచ్చే కొనుగోలు ఆదేశం) నంబరు వేయకపోతే బిల్లు వెనక్కి వచ్చేస్తుంది అన్న వివరాలు వారికి నోటికి వచ్చి ఉంటాయి. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కాంట్రాక్టుకు ఈ వివరాలన్నీ రాయించుకోవడమే అసలైన మొదటి పని, ఎక్కువ సమయం పట్టే పని కూడా అదే.

ఆ తర్వాత తేదీలు. కాంట్రాక్టు మొదలయ్యే తేదీ, బిల్లింగ్ మొదలయ్యే తేదీ ఒకటే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. జనవరి 1న కాంట్రాక్టు అమల్లోకి వచ్చినా తొలి మూడు నెలలు ఉచితమని ఒప్పుకుని ఉంటే, బిల్లింగ్ ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఈ రెండింటికీ విడివిడి గడులు ఉన్న సాఫ్ట్‌వేర్‌లో రెండూ నింపండి. ఒకే గడి ఉంటే ఉచిత కాలాన్ని సున్నా ధర ఉన్న ప్రత్యేక వరుసగా నమోదు చేయండి. అంతేగానీ బిల్లు కోసం కాంట్రాక్టు ప్రారంభ తేదీని ముందుకు జరపకండి. అలా జరిపితే ఆ మూడు నెలల్లో వచ్చిన సర్వీస్ కాల్‌కు కాంట్రాక్టు లేదని సిస్టమ్ చెబుతుంది.

బిల్లు ముందుగానా, కాలం ముగిశాకనా అన్నది మరొక నిర్ణయం. ఏప్రిల్ నుంచి జూన్ వరకు గల త్రైమాసికానికి ముందస్తు పద్ధతిలో ఏప్రిల్ 1న ఇన్‌వాయిస్ తయారవుతుంది, కాలాంత పద్ధతిలో జూన్ 30న తయారవుతుంది. తెర మీద ఇది ఒక్క టిక్కు గుర్తే కావచ్చు గానీ, తప్పు పడితే ఒక త్రైమాసికం మొత్తం డబ్బు మూడు నెలలు ఆలస్యమవుతుంది, లేదా కస్టమర్ ఇంకా పొందని సేవకు బిల్లు అందుకుని ఫోన్ చేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన తేదీ ఇంకొకటి ఉంది: ఈ కాంట్రాక్టుకు ఎంతవరకు బిల్లయింది అన్నది. తర్వాతి ఇన్‌వాయిస్‌ను సాఫ్ట్‌వేర్ ఈ తేదీ నుంచే లెక్కించాలి, ఈరోజు తేదీ నుంచి కాదు. నమ్మకం కుదరాలంటే నమూనా కాంట్రాక్టు ఒకటి సృష్టించి రెండు పరీక్షలు చేయండి. రెండు నెలలు బిల్లింగ్ నడపకుండా వదిలేసి మూడో నెలలో నడిపితే, వదిలేసిన రెండు నెలల బిల్లులు కూడా బయటికి రావాలి. అదే రోజు రెండోసారి నడిపితే ఒక్క ఇన్‌వాయిస్ కూడా తయారు కాకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా, ఆ సాఫ్ట్‌వేర్‌తో అసలు కస్టమర్ల బిల్లింగ్ మొదలుపెట్టవద్దు.

నెలాఖరు తేదీలను కూడా పరీక్షించి చూడండి. జనవరి 31న మొదలైన నెలవారీ బిల్లు ఫిబ్రవరిలో 28న వస్తుంది, లీపు సంవత్సరమైతే 29న వస్తుంది, అది సహజమే. అయితే మార్చి బిల్లు మళ్లీ 31కి వెళ్తుందా, 28 దగ్గరే ఆగిపోతుందా అన్నది చూడవలసిన సంగతి. కిందటి ఇన్‌వాయిస్ తేదీకి నెల కలుపుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్‌లో తేదీ 28కి జారి, ఇక అక్కడే ఉండిపోతుంది. మొట్టమొదటి తేదీ నుంచి లెక్కించే దానిలో మార్చి 31, ఏప్రిల్ 30 అని సరిగ్గా వస్తాయి. మొదటి రకం అయితే కాంట్రాక్టులన్నింటినీ నెల మొదటి తేదీకి మార్చుకోవడమే తేలిక.

చివరగా, తయారైన బిల్లులు నేరుగా కస్టమర్‌కు వెళ్లకుండా మొదట డ్రాఫ్టుగా నిలవాలి. కనీసం తొలి కొన్ని విడతలైనా ఒకరు డ్రాఫ్టు జాబితాను కిందటి విడత జాబితాతో పోల్చి, మొత్తం మారిన కాంట్రాక్టులను మాత్రం విప్పి చూసి, ఆ తర్వాతే పోస్ట్ చేయాలి, అంటే ఖాతాల్లో ఖరారు చేయాలి. అన్నీ చదవాలని నియమం పెడితే రెండో నెలకే ఎవరూ చదవరు.

ప్రశ్న: నెల మధ్యలో మొదలైన కాంట్రాక్టుకు మొదటి బిల్లు ఎంత వేయాలన్న దానిపై మాకూ కస్టమర్‌కూ ప్రతిసారీ తేడా వస్తోంది. సాఫ్ట్‌వేర్ చూపే మొత్తం మా లెక్కతో కూడా కలవడం లేదు. సరైన పద్ధతి ఏది? (ఒక అకౌంటెంట్)

జవాబు: సరైన పద్ధతులు ఒకటికంటే ఎక్కువ ఉండటమే తేడాకు కారణం. నెలకు 3,000 చొప్పున ఒప్పుకున్న కాంట్రాక్టు మే 11న మొదలైందని, బిల్లు ప్రతి నెలా 1వ తేదీన వేస్తారని అనుకుందాం. 11వ తేదీ నుంచి 31 వరకు, రెండు చివరలూ కలుపుకుని, 21 రోజులు. ఆ నెలలోని రోజులతో భాగిస్తే 3,000లో 31కి 21 వంతులు, అంటే 2,032.26. సంవత్సరపు మొత్తం 36,000ను 365తో భాగించి 21 రోజులకు లెక్కిస్తే 2,071.23. ప్రతి నెలనూ 30 రోజులుగా భావించే పద్ధతిలో మిగిలేది 20 రోజులే కనుక 2,000. మూడింటిలో ఏదీ తప్పు కాదు. ఒప్పందంలో ఒకటి రాసుకుని, సాఫ్ట్‌వేర్‌లో మరొకటి పెట్టుకుని, కస్టమర్ ఇంకొకటి వాడుకుంటే మాత్రం తగువు తీరదు. ఏ పద్ధతి అన్నది కాంట్రాక్టులో ఒక వాక్యంగా రాయించండి. మొదటి తేదీ, చివరి తేదీ రెండూ లెక్కలోకి వస్తాయా అన్నది కూడా అందులోనే ఉండాలి, ఎందుకంటే ఒక్క రోజు తేడాకు సాధారణంగా అదే మూలం.

దీనికి తోబుట్టువు లాంటి చిక్కు పైసల సవరణ. సంవత్సరానికి 10,000 ఉన్న కాంట్రాక్టును 12 భాగాలు చేస్తే 833.33 వస్తుంది, పన్నెండు బిల్లులు కలిపితే 9,999.96 అవుతుంది. మిగిలిన 0.04ను చివరి బిల్లుకు చేర్చి 833.37గా వేసే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. మొత్తం చిన్నదే, కానీ కాంట్రాక్టు విలువకూ వేసిన బిల్లులకూ పొంతన కుదరని నివేదికలో అలాంటి వరుసలు వందలకొద్దీ పేరుకుంటే, వాటి మధ్య నిజమైన తప్పు దాక్కుంటుంది.

ప్రశ్న: కాంట్రాక్టు నడుస్తుండగా కస్టమర్ కొత్త యంత్రం చేర్చమంటారు, ఒక్కోసారి పాతది తీసేయమంటారు. మేము కాంట్రాక్టు మొత్తాన్ని సవరించి పెడుతున్నాం. ఇది మంచి పద్ధతేనా? (ఒక బిల్లింగ్ ఉద్యోగిని)

జవాబు: కాదు. కాంట్రాక్టు మొత్తానికి ఒకే ధర ఉంచి, ఆ అంకెను ఎప్పటికప్పుడు మారుస్తూ పోతే, ఎప్పుడు ఏ యంత్రానికి ఎంత వసూలు చేశారన్న చరిత్ర చెరిగిపోతుంది. ఒక్కో యంత్రానికి దాని సీరియల్ నంబరు, ధర, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ ఉన్న వరుసను విడిగా ఉంచండి.

సంవత్సరం మొత్తానికి జనవరి 1న ముందస్తు బిల్లు వేసిన కాంట్రాక్టులో, సంవత్సరానికి 7,300 ధర గల యంత్రం అక్టోబరు 1న చేరిందనుకుందాం. డిసెంబరు 31 వరకు 92 రోజులు, రోజుకు 20 చొప్పున 1,840కి ఇప్పుడు చిన్న బిల్లు వెళ్లాలి. వచ్చే జనవరి నుంచి అది మిగతా వాటితో కలిసి ఒకే ఇన్‌వాయిస్‌లోకి రావాలి. ఇలా గడువులన్నీ ఒకే రోజుకు కలిసేలా చేయకపోతే, కొన్నేళ్లకు ఒకే కస్టమర్‌కు ఏడాది పొడవునా తలా ఒక తేదీన బిల్లులు వెళ్తుంటాయి.

యంత్రం తీసేసినప్పుడు వరుసను తొలగించకూడదు, ముగింపు తేదీ మాత్రమే వేయాలి. పై ఉదాహరణలోని యంత్రమే జనవరి 1 నుంచి ఉండి సెప్టెంబరు 30న వెళ్లిపోతే, వాడని 92 రోజులకు 1,840 క్రెడిట్ నోట్ (వేసిన బిల్లులో కొంత మొత్తాన్ని తగ్గించే పత్రం) రావాలి. కొన్ని ప్యాకేజీలలో ఈ క్రెడిట్ నోట్ దానంతట అదే తయారవదు, అందుకు అనుమతించే సెట్టింగును కాంట్రాక్టులో విడిగా ఆన్ చేయాలి. మధ్యలో మానేస్తే సొమ్ము వాపసు ఉండదని మీ ఒప్పందం చెబుతుంటే ఆ సెట్టింగు ఆపి ఉంచడమే న్యాయం. పోస్ట్ అయిన ఇన్‌వాయిస్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దిద్దకండి, సవరణ ఏదైనా క్రెడిట్ నోట్ ద్వారానే జరగాలి.

ప్రశ్న: ఫొటోకాపీ యంత్రాలకు నెలకు ఇంత అని స్థిర రుసుము, నిర్ణీత సంఖ్య దాటిన ప్రతులకు అదనపు రుసుము ఉన్నాయి. రెండూ ఒకే బిల్లులో వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, అయితే ఆ బిల్లులోని రెండు వరుసలూ రెండు వేర్వేరు నెలలవని స్పష్టంగా కనిపించాలి. స్థిర రుసుము ముందస్తుది, అదనపు ప్రతుల లెక్క నెల ముగిసి మీటరు చదివాక గానీ తేలదు. కనుక జులై 1 నాటి ఇన్‌వాయిస్‌లో జులై స్థిర రుసుము, జూన్ అదనపు ప్రతులు ఉంటాయి. ప్రతి వరుసలో కాలవ్యవధిని, మీటరు పాత రీడింగు, కొత్త రీడింగులతో సహా అచ్చువేయించండి. బిల్లు మీద వచ్చే ప్రశ్నల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

రీడింగు అందకపోతే ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. స్థిర రుసుమును ఆపకుండా పంపి, అదనపు భాగాన్ని వచ్చే నెలకు వదలడం నాకు నచ్చిన పద్ధతి. సగటు వేసి అంచనా బిల్లు పంపితే, అసలు రీడింగు వచ్చాక ఆ అంచనాను తీసివేసే బాధ్యతను సాఫ్ట్‌వేర్ గుర్తుంచుకోవాలి. మీటరు మార్చినప్పుడు పాతదాని చివరి అంకె, కొత్తదాని తొలి అంకె రెండూ నమోదు కావాలి. లేకపోతే కొత్త రీడింగు పాతదానికంటే తక్కువగా ఉండి, సిస్టమ్ దానిని తిరస్కరిస్తుంది, లేదా మీటరు అంకెలన్నీ నిండి మళ్లీ సున్నాకు వచ్చిందని భ్రమపడి భారీ మొత్తానికి బిల్లు వేస్తుంది.

ప్రశ్న: ప్రతి ఏటా 5 శాతం పెంపు, గడువు ముగిస్తే దానంతట అదే పునరుద్ధరణ అని మా కాంట్రాక్టులో ఉంది. ఇవి సాఫ్ట్‌వేర్‌కు అప్పగించవచ్చా?

జవాబు: పెంపును అప్పగించవచ్చు, దేని మీద పెంపు అన్నది చెప్పి. 100 ఉన్న ధర రెండో ఏడాది 105 అవుతుంది. మూడో ఏడాది కిందటి ధర మీద లెక్కిస్తే 110.25, మొదటి ధర మీద లెక్కిస్తే 110. పెంపు కాంట్రాక్టు వార్షిక తేదీన అమలవ్వాలి, బిల్లు తేదీన కాదు. ముందస్తు బిల్లు వేసిన కాలం ఆ తేదీకి ముందూ తర్వాతా కూడా విస్తరించి ఉంటే రెండు ధరలకూ రెండు వరుసలు రావాలి.

పునరుద్ధరణకు మాత్రం మనిషి అనుమతి ఉండాలని నా అభిప్రాయం. గడువుకు ముందు కస్టమర్‌కు పంపవలసిన నోటీసు వెళ్లిందని నమోదైతేనే ముగింపు తేదీ ముందుకు జరిగేలా చూడండి. ముగింపు తేదీ దాటిన కాలానికి బిల్లు తయారు కాకుండా అడ్డుకట్ట కూడా ఉండాలి.

ప్రశ్న: ఏడాది మొత్తానికి ముందే బిల్లు వేసి డబ్బు తీసుకుంటున్నాం. అదంతా ఈ నెల ఆదాయంగా చూపవచ్చా?

జవాబు: చూపకూడదు. బిల్లు వేయడం వేరు, ఆదాయం గుర్తించడం వేరు. 2014లో వెలువడి, 2018 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మొదలయ్యే సంవత్సరాల నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 15 ప్రకారం, సేవ అందించిన మేరకే ఆదాయం. ఏడాది పొడవునా ఒకే తీరుగా సాగే నిర్వహణ సేవకు 12,000 ముందే వసూలు చేస్తే, నెలకు 1,000 ఆదాయంలోకి వెళ్తుంది, తక్కినది కస్టమర్‌కు మీరు ఇంకా అందించవలసిన సేవ తాలూకు బాధ్యతగా ఖాతాల్లో నిలుస్తుంది. ఇంకా ఆదాయం కాని ఆ మొత్తం నిలిచే వాయిదా ఖాతాను కాంట్రాక్టు వరుసకు జోడిస్తే నెలవారీ జమాఖర్చు నమోదులను సాఫ్ట్‌వేర్ వేసుకుంటుంది.

ప్రశ్న: కస్టమర్ కార్డు నుంచి ప్రతి విడతా డబ్బు జమ చేసుకోవడానికి కార్డు వివరాలు కాంట్రాక్టులోనే రాసి పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. వివరాలు చెల్లింపుల సంస్థ వద్ద ఉండాలి, మీ కాంట్రాక్టులో కార్డు నంబరుకు బదులుగా వారిచ్చిన గుర్తింపు సంకేతం, అంటే టోకెన్ మాత్రమే ఉండాలి. కార్డు మీది మూడు లేదా నాలుగు అంకెల భద్రతా సంఖ్యను, లావాదేవీ ఆమోదం పొందిన తర్వాత సంకేతభాషలోకి మార్చి అయినా సరే, వ్యాపారులు దాచకూడదని కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ చెబుతుంది. కాంట్రాక్టులోని వ్యాఖ్యల గడిలో ఇప్పటికే ఎవరైనా ఆ సంఖ్య రాసి ఉంటే వెతికి తొలగించండి.

ప్రశ్న: పాత స్ప్రెడ్‌షీట్ నుంచి కాంట్రాక్టులు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తున్నాం. కొందరికి ఇదే నెలకు రెండోసారి బిల్లు వెళ్తుందేమోనని భయంగా ఉంది. (మొదటి ప్రశ్న అడిగిన సర్వీస్ మేనేజరే)

జవాబు: కాంట్రాక్టును అసలు ప్రారంభ తేదీతోనే ఎక్కించి, ఎంతవరకు బిల్లయింది అన్న గడిలో పాత పద్ధతిలో వేసిన చివరి బిల్లు కాలపు ముగింపు తేదీని నింపండి. అది ఖాళీగా వదిలితే, కాంట్రాక్టు మొదలైన నాటి నుంచి బిల్లులన్నీ మళ్లీ తయారవుతాయి. ఆ తర్వాత వచ్చే నెల బిల్లును డ్రాఫ్టుగా మాత్రమే నడిపించి, అదే నెల బిల్లును స్ప్రెడ్‌షీట్‌లో కూడా చేసి, కస్టమర్ వారీగా రెండు మొత్తాలనూ పక్కపక్కన పెట్టండి. మొత్తాల మొత్తం కలిస్తే చాలని సరిపెట్టుకోవద్దు, ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ పడినా అది కలుస్తుంది. తేడా వచ్చిన ప్రతి కాంట్రాక్టుకూ కారణం దొరికేవరకు ఆ నెల బిల్లులు స్ప్రెడ్‌షీట్ నుంచే పంపండి. పంపాక, కొత్త సాఫ్ట్‌వేర్‌లోని డ్రాఫ్టులను రద్దు చేసి, ఎంతవరకు బిల్లయింది అన్న తేదీని ఆ నెలాఖరుకు జరపడం మరవకండి.