సర్వర్ కంపెనీలే చేతులెత్తేస్తే మా పాప కోర్సు గతేంటి?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా పాప తిరుపతిలో బీటెక్ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతోంది. ప్రోగ్రామింగ్ కన్నా సర్వర్లు, నెట్‌వర్కులే ఇష్టమంటే వీఎంవేర్ కోర్సులో చేర్పించాను. ఫీజు రూ.35 వేలు. అందులో 20 వేలు కట్టేశాను. పోయిన వారం బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావమరిది కొడుకు ఇంటికొచ్చాడు. ‘సర్వర్లు తయారుచేసే కంపెనీలే ఆ సాఫ్ట్‌వేర్‌కు సపోర్ట్ ఆపేస్తున్నాయి మామా, దాన్ని మాన్పించి క్లౌడ్‌లో (ఇంటర్నెట్ మీద అద్దెకిచ్చే సర్వర్ల కోర్సులో) చేర్పించు’ అన్నాడు. ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే అదంతా ఒట్టి పుకారంటున్నారు. పాప టెన్షన్‌తో సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. మిగతా ఫీజు కట్టమంటారా, మాన్పించమంటారా?

సమాధానం: ముందు పాపను కడుపునిండా తినమనండి. ఆమె ఎంచుకున్న దారి తప్పేమీ కాదు. బెంగళూరు అబ్బాయి చెప్పినదాంట్లో నిజముంది. దాన్ని పుకారని కొట్టిపారేయడం ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేసిన పొరపాటు. అయితే ఆ నిజాన్ని బట్టి చదువు మాన్పించాల్సిన పని లేదు, చదివే పద్ధతి మార్చుకుంటే చాలు. ఫీజు కట్టేది మీరు కాబట్టి అసలు సంగతేమిటో మీకూ తెలియాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

తిరుపతిలో ఒక పెద్ద ఇల్లు కట్టి, దాన్ని ఆరు పోర్షన్లు చేసి అద్దెకిస్తారు చూడండి. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి మీటరు వాళ్లది, కానీ పునాది, బోరు, ట్యాంకు అందరికీ ఒకటే. సర్వర్ కూడా అలాగే. ఒక పెద్ద యంత్రాన్ని పోర్షన్లుగా విడగొడితే ఒకదాంట్లో బిల్లింగ్, ఒకదాంట్లో ఈమెయిల్, ఇంకోదాంట్లో హాజరు పట్టీ నడుస్తాయి. ఒక్కో పోర్షన్‌ను వర్చువల్ మిషన్ అంటారు. ఆ గోడలు కట్టి, నీళ్లు, కరెంటు పంచే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. 1998లో మొదలైన వీఎంవేర్ ఈ పనిలో చాలా ఏళ్లు పెద్దన్నగా ఉంది. దాని హైపర్‌వైజర్ పేరే మీ పాప నేర్చుకుంటున్న ఈఎస్‌ఎక్స్‌ఐ.

ఇక ‘సపోర్ట్ ఆపేశారు’ అనే మాట. దీన్ని మూడు వేర్వేరు సంగతులకు ఒకేలా వాడేస్తున్నారు, గందరగోళమంతా అక్కడే.

మొదటిది అమ్మకాల గొడవ. బ్రాడ్‌కామ్ కంపెనీ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొనేసింది. మరుసటి నెలలోనే ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపి, ఇకమీదట చందా మాత్రమే అంది. సొంతిల్లు కొనుక్కునే వీలు తీసేసి అందరినీ అద్దెకు ఉండమన్నట్టు. బిల్లులు బాగా పెరిగాయని చాలామంది కస్టమర్లు లబోదిబోమన్నారు. 2024 జనవరిలో సర్వర్లు తయారుచేసే డెల్ కంపెనీ వీఎంవేర్‌తో తనకున్న అమ్మకాల ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. బెంగళూరు అబ్బాయి విన్నది బహుశా ఇదే అయ్యుంటుంది. కానీ డెల్ సర్వర్ మీద వీఎంవేర్ నడవదని దీని అర్థం కాదు. అప్పుడూ నడిచింది, ఇప్పుడూ నడుస్తోంది. ఆగింది ఆ కౌంటర్లో అమ్మకం మాత్రమే.

రెండోది వెర్షన్ల గడువు. ఈఎస్‌ఎక్స్‌ఐ 7కు సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 2తో ముగిసింది. 8వ వెర్షన్‌కు 2027 అక్టోబరు 11 వరకు ఉంది. గడువు దాటాక సాఫ్ట్‌వేర్ ఆగిపోదు. కానీ భద్రతా లోపం బయటపడితే దాన్ని సరిచేసే ప్యాచ్ రాదు. ఆస్పత్రుల్లాంటి చోట అలా నడపడం ప్రమాదం.

మూడోదే అసలైనది. మీ పాప భవిష్యత్తుకు పనికొచ్చేదీ అదే. సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు, డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డు ఉంటాయి. హైపర్‌వైజర్ వాటితో మాట్లాడాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా సర్వర్ కంపెనీ, సాఫ్ట్‌వేర్ కంపెనీ కూర్చుని ఏ మోడల్ మీద ఏ వెర్షన్ నడుస్తుందో పరీక్షించి జాబితాలో పెడతాయి. దాన్నే కంపాటిబిలిటీ లిస్టు అంటారు. పాత మోడళ్లను మళ్లీ పరీక్షించడం ఖర్చు. కొత్త సర్వర్లు అమ్ముకోవాల్సిన కంపెనీకి ఆ ఖర్చు పెట్టాలనీ ఉండదు. దాంతో పాత మోడల్ జాబితా నుంచి జారిపోతుంది, దాని డ్రైవర్‌ను కొత్త వెర్షన్‌లోంచి తీసేస్తారు. యంత్రం దుక్కలా ఉన్నా కొత్త సాఫ్ట్‌వేర్‌కు అది కంటికి కనబడదు.

ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు సర్వర్ రూముల్లో పనిచేశాను. 2021లో చిత్తూరులో ఒక ఆఫీసుకు శనివారం రాత్రి వెర్షన్ మార్చడానికి వెళ్లాం, ఈఎస్‌ఎక్స్‌ఐ 6.7 నుంచి 7కు. 7లో వీఎంవేర్ పాత తరహా డ్రైవర్లను మొత్తంగా తీసేసింది. ఇన్‌స్టాలర్ తెర మీద ‘సపోర్ట్ లేని పరికరాలు ఉన్నాయి’ అని పసుపు అక్షరాల్లో హెచ్చరిక వచ్చింది. నాతో ఉన్న అబ్బాయి ఎంటర్ కొట్టేశాడు, నేనూ ఆపలేదు. రీబూట్ అయింది, అంతా బాగానే ఉందనుకున్నాం. తీరా చూస్తే స్టోరేజీ పేజీ ఖాళీ. పదకొండు వర్చువల్ మిషన్లు, వాటి డేటా ఉన్న డిస్కుల్లో ఒక్కటీ కనబడలేదు. డిస్కుల దీపాలు మాత్రం ఎదురుగా పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. 7కు మారాక బూట్ విభజనలు మారిపోతాయి కాబట్టి వెనక్కి తిప్పుకునే వీలు కూడా లేదు. ఆ సర్వర్ ఎస్‌డీ కార్డు నుంచి బూట్ అయ్యేది, డేటా వేరే డిస్కుల్లో ఉంది. ఆ ఒక్క కారణంగా బతికిపోయాం. కార్డు మీద మళ్లీ 6.7 ఎక్కించి, డిస్కులు కనబడ్డాక ఒక్కో మిషన్‌ను చేత్తో రిజిస్టర్ చేసి బయటపడేసరికి తెల్లవారుజామున నాలుగైంది. జాబితాలో ఆ కంట్రోలర్ పేరు వెతకడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల పని మేం చేయలేదు.

మీ పాపకు నేర్పించాల్సింది ఆ పది నిమిషాల పని. ఏ బటన్ ఎక్కడుందో నేర్పడం వారం రోజుల ముచ్చట. ఆ బటన్ కింద ఏం జరుగుతోందో తెలిసినవాళ్లు దొరకడమే కష్టం.

అలాగని ‘వీఎంవేర్ పోయింది, క్లౌడ్‌కు వెళ్లు’ అనే సలహాను కూడా నేను ఒప్పుకోను. అమెజాన్ క్లౌడ్ 2017 నుంచి తెచ్చిన నైట్రో యంత్రాల్లో లోపల ఉన్నది కేవీఎం అనే హైపర్‌వైజర్. గూగుల్ క్లౌడ్‌లోనూ అదే. కేవీఎం 2007లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో (కెర్నల్‌లో) కలిసింది, అదీ ఉచితమే. వీఎంవేర్ నుంచి బయటికొస్తున్న కంపెనీలు ఎక్కువగా చూస్తున్న ప్రాక్స్‌మాక్స్, న్యూటానిక్స్ వాళ్ల ఏహెచ్‌వీ, సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ సొంతంగా తెచ్చిన వీఎం ఎసెన్షియల్స్ అన్నీ కేవీఎం మీద కట్టినవే. లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ తన పాత వర్చువలైజేషన్ ఉత్పత్తిని ఆపి ఓపెన్‌షిఫ్ట్ అనే తన ఇంకో ఉత్పత్తి వైపు మళ్లింది. అక్కడా లోపల కేవీఎమ్మే. పైన బోర్డులు మారుతున్నాయి, పునాది అదే. ఆ పునాది మీ పాపకు వస్తే ఏ బోర్డు కిందైనా పని దొరుకుతుంది.

ఇంకో సంగతి. ఇన్ని కంపెనీలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతున్నాయంటే ఆ సామాను మోసేవాళ్లు కావాలి. ఇల్లు మారేటప్పుడు లారీ మాట్లాడుకున్నంత తేలిక కాదది. విండోస్ మిషన్‌ను ఈఎస్‌ఎక్స్‌ఐ నుంచి కేవీఎంకు తెచ్చినప్పుడు కేవీఎం డిస్కుతో మాట్లాడే విర్ట్‌ఐఓ డ్రైవర్ ముందే పెట్టకపోతే డిస్కు దొరక్క నీలం తెర వస్తుంది. లినక్స్ మిషన్ అయితే నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోతుంది. అక్కడ ఈఎన్‌ఎస్192 ఉన్నది ఇక్కడ ఈఎన్‌ఎస్18 అవుతుంది. పాత పేరు మీద రాసిన ఐపీ అడ్రసు పనిచేయదు, మిషన్ బతికే ఉన్నా ఎవరికీ అందదు. పాతవైపు మిషన్ లోపల పెట్టిన వీఎంవేర్ టూల్స్ అనే సహాయక ప్రోగ్రామ్‌లను తీయడం మరిచిపోతే కొత్తవైపు వాటిని తీసేయడానికి నానా తంటాలు. ఇవన్నీ రెండు వైపులా తెలిసినవాళ్లకే అర్థమయ్యే ఇబ్బందులు. అందుకే వీఎంవేర్ నేర్చుకున్న చదువు వృథా పోదు. ఖాళీ చేసే ఇంటి తాళాలు తెలియకుండా సామాను ఎలా తెస్తారు?

ఇక ఫీజు. మిగతా 15 వేలు ఇప్పుడే కట్టకండి, అలాగని మాన్పించనూ వద్దు. పాపను వెంటబెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లండి. ల్యాబ్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో తెర మీద చూపించమనండి. ఇంకా 7 మీదే నేర్పుతుంటే గడువు దాటినదానికి డబ్బు తీసుకుంటున్నారని అర్థం, 8కి మార్చమని గట్టిగా అడగండి. లినక్స్ ఎన్ని గంటలు చెబుతారో అడగండి. ఒక మిషన్‌ను వేరే హైపర్‌వైజర్‌లోకి తరలించే ప్రాక్టికల్ ఉందా, కంపాటిబిలిటీ లిస్టు చదవడం నేర్పుతారా అని కూడా అడగండి. సరైన జవాబులొస్తే కట్టేయండి. ‘అవన్నీ ఉద్యోగంలో నేర్చుకుంటారులే సార్’ అంటే మాత్రం కట్టిన 20 వేలకు రావాల్సిన క్లాసులు పూర్తి చేయించుకుని బయటికి రండి. మిగిలిన డబ్బు లినక్స్‌కు పెట్టండి. రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, మిషన్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి. అది పాసైన పిల్లలను ఇంటర్వ్యూలో కూర్చోబెట్టినప్పుడు తేడా నాకు స్పష్టంగా కనిపిస్తుంది. మాట తడబడదు.

ఉద్యోగం గురించి కూడా దాచకుండా చెబుతాను. ఈ రంగంలో ఫ్రెషర్‌కు దొరికేది ఎక్కువగా బెంగళూరు, చెన్నైలలో మానిటరింగ్ పని. నైట్ షిఫ్టులుంటాయి. ఆడపిల్ల రాత్రిపూట పని అనేసరికి మన ఇళ్లలో అభ్యంతరాలొస్తాయి. ఆ మాటేదో ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఆఫర్ లెటర్ వచ్చాక వద్దనడం పాపకు అన్యాయం. దగ్గర్లో కావాలంటే రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీలు, తిరుపతి ఆస్పత్రులు, విద్యాసంస్థల ఐటీ విభాగాల్లో ప్రయత్నించండి. ఖాళీలు తక్కువే, కానీ అక్కడ ఒక్కరే అన్నీ చూసుకోవాలి కాబట్టి తొందరగా పని వస్తుంది.

ఈ చివరి మాటలు మీ పాపకు. అమ్మా, ఇంట్లోనో, బంధువుల దగ్గరో మూలన పడున్న పాత డెస్క్‌టాప్ ఒకటి సంపాదించు. ర్యామ్ 8 జీబీ ఉంటే సరిపోతుంది. అందులో అవసరమైన ఫైళ్లుంటే ముందే వేరేచోట దాచుకో. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చెయ్యి. 2024 ఫిబ్రవరిలో ఆపేసిన ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐని 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇన్‌స్టాల్ చేసి చూడు. మన ఇళ్లలోని డెస్క్‌టాప్‌లలో చాలావాటికి రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డే ఉంటుంది. అదైతే ‘నెట్‌వర్క్ అడాప్టర్లు కనబడలేదు’ అని ఇన్‌స్టాలర్ అక్కడే ఆగిపోతుంది. కంగారు పడకు, నీ తప్పేమీ లేదు. ఆ తెరను ఫోన్‌తో ఫోటో తీసుకో. తర్వాత అదే మిషన్ మీద ప్రాక్స్‌మాక్స్ ఎక్కించు. లినక్స్‌లో ఆ కార్డుకు డ్రైవర్ ఉంటుంది కాబట్టి ఎక్కుతుంది. ఒకే కార్డు ఒకదానికి కనబడి ఇంకోదానికి ఎందుకు కనబడలేదో నీ సొంత మాటల్లో ఒక పేజీ రాయి. ఆ పేజీ, ఆ ఫోటో పట్టుకుని నాన్నతో కలిసి నా దగ్గరికి రా. రెజ్యూమెలో దాన్ని ఎక్కడ, ఎలా రాయాలో కూర్చుని చూద్దాం.