ల్యాప్‌టాప్ పాడైందని ఈఎంఐ ఆపేస్తే నష్టం ఎవరికి?

ప్రశ్న: మాది గాజువాక. వయసు 45. పరవాడ ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం, చేతికి నెలకు 31,000 వస్తుంది. బీటెక్ చదువుతున్న మా అబ్బాయికి మూడు నెలల కిందట ఆన్‌లైన్‌లో 54,000 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను. వడ్డీ లేని ఈఎంఐ అన్నారు, 9 నెలలు, నెలకు 6,000. మూడో రోజే స్క్రీన్ మీద గీతలు పడ్డాయి. వెంటనే ఫిర్యాదు చేస్తే టెక్నీషియన్ పదకొండో రోజున వచ్చాడు. అప్పటికి 7 రోజుల రిటర్న్ గడువు దాటిందట, రిపేరు తప్ప డబ్బు వెనక్కి రాదన్నారు. కోపం వచ్చి ఒక ఈఎంఐతో ఆపేశాను. రెండు బౌన్స్ అయ్యాయి. పరీక్షలు దగ్గర పడటంతో లోన్ యాప్‌లో 25,000 తీసుకుని పాత ల్యాప్‌టాప్ కొనిచ్చాను. ఇంటి స్లాబు కోసం బ్యాంకులో నెలనెలా కట్టి దాచిన ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో 58,000 ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు. తెలిసిన షాపులో స్క్రీన్ మార్చేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం ల్యాప్‌టాప్ కాదు, ఆ బౌన్సులు. ‘పాడైన వస్తువుకు నేనెందుకు కట్టాలి’ అని వాయిదా ఆపేసేవాళ్లు నెలకు ఒకరైనా నాకు తగులుతున్నారు. ల్యాప్‌టాప్ అమ్మినవాడు ఒకడు, అప్పిచ్చినవాడు ఇంకొకడు. అమ్మినవాడి డబ్బు అతనికి ఎప్పుడో ముట్టింది. మీరు వాయిదా ఆపితే అతనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బౌన్స్ అయిన ప్రతిసారీ అటు అప్పిచ్చిన సంస్థా, ఇటు మీ బ్యాంకూ ఛార్జీలు వేస్తాయి, సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మీ అప్పుల చరిత్రలో, మచ్చ పడుతుంది. రేపు స్లాబుకు లోన్ అడిగినప్పుడు ఆ మచ్చే ముందు కనిపిస్తుంది. కాబట్టి కట్టండి, కడుతూనే పోట్లాడండి.

పోట్లాటలో న్యాయం మీ వైపే ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఆ 7 రోజుల గడువు వాళ్లు రాసుకున్నది. పైగా మీ ఫిర్యాదు మూడో రోజునే వెళ్లింది, ఆలస్యం వాళ్లది. (మనసు మారిందని వెనక్కి ఇవ్వడం వేరు, అక్కడ వాళ్ల షరతులే నడుస్తాయి.) ఆ చాట్, టెక్నీషియన్ ఇచ్చిన కాగితం, గీతల ఫొటోలు జాగ్రత్త చేయండి. మీరు కొన్న ఆన్‌లైన్ ప్లాట్‌ఫాం గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) వివరాలు వాళ్ల సైట్‌లోనే ఉండాలి. రాతపూర్వకంగా పంపండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. దానితోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ కదలకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు బెంగళూరులో ఉన్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు, రెండేళ్ల గడువుంది. ల్యాప్‌టాప్ ధరతో పాటు ఈఎంఐ కోసం కట్టిన ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కూడా అడగండి. బౌన్స్ ఛార్జీలు మాత్రం వస్తాయని ఆశ పెట్టుకోకండి, అవి మీ కోపం ఖరీదు. షాపులో స్క్రీన్ మార్పించారో, ‘మీరే విప్పి పాడు చేశారు’ అనేస్తారు. ఆ పని చేయకండి.

ఇక ఆ యాప్. 25,000 రాయించుకుని మీ చేతికి 22,500 ఇచ్చారని, 9,500 చొప్పున మూడు వాయిదాలని కింద రాశారు. నెలకు దాదాపు 13 శాతం వడ్డీ అది! ఇంత వడ్డీకి తెచ్చుకుని, ఏడాదికి ఏడు శాతం కూడా రాని ఆర్‌డీని కదపనంటారా? స్లాబు మీద సెంటిమెంటు నాకు అర్థమవుతుంది, లెక్క మాత్రం అర్థం కావడం లేదు. ఆర్‌డీని మూసేయక్కర్లేదు. దాని మీదే బ్యాంకు లోన్ ఇస్తుంది, ఆర్‌డీ వడ్డీకన్నా ఒకటి రెండు శాతం ఎక్కువకు. ఆ డబ్బుతో బాకీ ఉన్న రెండు ఈఎంఐలు, 12,000, ఛార్జీలతో సహా కట్టేయండి. యాప్‌లో మిగిలిన రెండు వాయిదాలు 19,000. ఇప్పుడే మూసేస్తే ఎంతవుతుందో రాతపూర్వకంగా అడిగి తీర్చేసి, యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. బంగారం తాకట్టు కూడా దీనికంటే చవకే, కానీ ఆర్‌డీ ఉండగా అక్కర్లేదు.

నేను ఎప్పుడూ పాడే పాటే మళ్లీ పాడతాను. మీకు అత్యవసర నిధి లేదు. ఉంటే ఈఎంఐ లేకుండానే కొనేవారు, పరీక్షల ముందు యాప్ గడప తొక్కేవారు కాదు, రిఫండ్ కోసం మూడు నెలలైనా నింపాదిగా ఆగేవారు. అవతలివాళ్లు లెక్కేసుకునేది మీకు ఆ ఓపిక లేదనే. ఇంటి ఖర్చు నెలకు 22,000 అన్నారు. మీది కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఆరు నెలలకు సరిపడా 1,32,000 ఉండాలి. ముందు మూడు నెలలది, 66,000, పోగేయండి. ల్యాప్‌టాప్ వాయిదాలు అయిపోయాక అదే 6,000ను అదే తారీఖున వేరే ఖాతాకు మళ్లిస్తే పదకొండు నెలల పని. అందులో కొంత నోట్ల రూపంలో ఇంట్లో ఉంచండి. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఏటీఎంలు పనిచేయని రోజులు మన ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు కదా. ఎక్స్‌టెండెడ్ వారంటీలు, గ్యాడ్జెట్ ఇన్సూరెన్సులు ఆ తర్వాతి మాట.

బ్యాంకుకు రేపే వెళ్లండి. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ ఈ రాత్రే మీ అబ్బాయి చేత రాయించండి. ల్యాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టె, ఛార్జర్ కవరుతో సహా, పారేయకుండా ఉంచండి. తీసుకెళ్లడానికి వచ్చేవాడు మొట్టమొదట అడిగేది అదే.