తొలి ప్రయాణానికి ముందు పెద్దమ్మ రాసిన ఉత్తరం

చిరంజీవులైన మీ ఇద్దరికీ ఆశీస్సులు.

హనీమూన్‌కు ఎక్కడికి వెళ్తే బాగుంటుందని అడిగారు. చోటు నిర్ణయించే ముందు మీరిద్దరూ విడివిడిగా కూర్చుని, అక్కడ ఒక రోజు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎలా గడవాలని ఉందో కాగితం మీద రాసి, తరువాత ఆ కాగితాలు మార్చుకుని చదవండి. ఒకరికి కొండలెక్కాలని, మరొకరికి సముద్రపు ఒడ్డున కదలకుండా కూర్చోవాలని ఉన్న సంగతి అంత దూరం వెళ్లాక కాక ముందే తెలియాలి.

మేము ఆ పని చేయలేదు. తొమ్మిది రోజుల్లో ఐదు ఊళ్లు చూడాలని బయలుదేరి, పెట్టెలు సర్దుతూ, రైళ్ల కోసం పరుగెత్తుతూ అలసిపోయాము. ఈనాటికీ మీ పెదనాన్నగారూ నేనూ తలచుకునేది మాత్రం, వాన వల్ల బయటికి వెళ్లలేక కిటికీ పక్కన కబుర్లు చెప్పుకుంటూ గడిపిన ఒక్క మధ్యాహ్నాన్నే. అందుకే వారం రోజులకు ఒక చోటు, మహా అయితే రెండు చాలునంటాను.

చోటు ఎంత అందమైనదైనా కాలం కలిసిరాకపోతే ఆనందం సగమవుతుంది. మాల్దీవుల్లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, సముద్రం ప్రశాంతం. అయితే దూరపు దీవులకు తీసుకువెళ్లే సీప్లేన్లు, అంటే నీటి మీద దిగే చిన్న విమానాలు, పగటి వెలుతురులోనే ఎగురుతాయి కనుక, మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే పరిసరాల్లోనే ఉండిపోవలసి వస్తుంది. టికెట్టు కొనే ముందే ఈ లెక్క చూసుకోండి. గ్రీసు దేశపు దీవి శాంటోరినీలో జూలై, ఆగస్టు నెలల్లో జనం కిక్కిరిసి ఉంటారు. సెప్టెంబరు చివర సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, రద్దీ తగ్గుతుంది. బాలిలో సాధారణంగా మార్చిలో వచ్చే న్యేపి అనే మౌనదినాన విమానాశ్రయాన్ని 24 గంటలు మూసివేస్తారు, పర్యాటకులు కూడా హోటలు దాటి బయటికి రాకూడదు. దీపాలు ఆరిన ఆ దీవి మీద నక్షత్రాలను చూడడం కొత్త జంటకు గొప్ప అదృష్టమని నా అభిప్రాయం, కానీ ముందుగా తెలిసి వెళ్లినవారికే అది అదృష్టం.

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు కోరుతాయి. పెళ్లి తరువాత పేరు మార్చుకునే ఆలోచన ఉంటే ఈ ప్రయాణం ముగిశాక మార్చుకోండి. టికెట్టు మీది పేరూ పాస్‌పోర్టు మీది పేరూ ఒకటిగా లేకపోతే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. యూరప్ వెళ్లదలిస్తే, అక్కడి చాలా దేశాలకు కలిపి ఒకటిగా ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కనుక చివరి వారాల దాకా ఆగవద్దు.

ఖర్చు విషయంలో ఎంత పెట్టగలరో ఇద్దరూ కలిసి ముందే అనుకోండి. అప్పు చేయవద్దు. పెళ్లి మరునాడే బయలుదేరకుండా, రెండు మూడు రోజులు నిద్రపోయి, ఒంట్లో ఓపిక వచ్చాక వెళ్లండి.

స్కూబా డైవింగ్ చేయాలని అమ్మాయి ముచ్చటపడుతోందని విన్నాను. పలుమార్లు నీటి అడుగుకు దిగినవారు కనీసం 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. కాబట్టి ఆ సరదా మొదటి రోజుల్లోనే తీర్చుకుని, చివరి రోజును ఖాళీగా ఉంచుకోండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ