ఎడమచేతి రైఫిల్‌కి చాసీ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి కావ్యకి,

మామయ్య ఆశీస్సులు. నిన్న పొద్దున్నే మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి, "ఆడపిల్ల తుపాకీ తయారు చేయించుకుంటానంటోంది, ఇదంతా నువ్వు నేర్పిందేనా అన్నయ్యా?" అని నిలదీసింది. నేర్పింది నేను కాదు, డాలస్‌లో దాని ఆఫీసు స్నేహితులు అని ఎంత చెప్పినా వినలేదు. వినకపోతే పోయింది. ఆ నింద మోయడం నాకు లోపల్లోపల ఇష్టంగానే ఉంది. వెయ్యి గజాల దూరం కొట్టడం గురించీ, గాలి లెక్కల గురించీ నాతో మాట్లాడగలిగే మనిషి మన ఇంట్లో ఒకరు తయారయ్యారు కదా.

కానీ సాయంత్రం నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాక నిద్రపట్టలేదు. ఎడమచేతి యాక్షన్‌కి (తూటాని పేల్చే నడిమి భాగానికి) ఆర్డరిచ్చి, అది కూర్చునే చట్రం, అదే చాసీ, మాత్రం కుడిచేతిది కొంటావా? "సగం ధరకి వస్తోంది మామయ్యా, కొంచెం చెక్కిస్తే సరిపోతుందట" అని రాశావు. ఎవరమ్మా నీకు చెప్పింది? ఆ చెప్పినవాడు ఎప్పుడైనా ఎడమచేత్తో బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) లాగాడా? వద్దు. ఈ ఉత్తరం అందుకే.

ముందు చిన్న విషయాలు తేల్చేస్తాను. గ్రీన్ కార్డు వచ్చాకే ఈ పని మొదలుపెట్టావు, సంతోషం. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు, హంటింగ్ లైసెన్స్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పితే, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. నీ రూమ్మేట్ ఇంకా వీసా మీదే ఉందన్నావు. కాబట్టి తుపాకీ పెట్టే సేఫ్ నంబరు ఆ అమ్మాయికి తెలియకూడదు. స్నేహం వేరు, ఇది వేరు. ఆ పిల్ల భవిష్యత్తు కోసమే చెప్తున్నాను. మీ అక్క పిల్లలు సెలవులకి వస్తే సేఫ్ తాళం రెండోసారి లాగి చూడు. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేయడం కూడా నేరమే. నేరం సంగతి అటుంచు, ఆ ఊహే నేను భరించలేను.

ఇక అసలు సంగతి. యాక్షన్ అంటే చట్టం దృష్టిలో అదే తుపాకీ. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి వెళ్ళాలి, ఫారం నింపాలి, సంతకం పెట్టాలి. అందుకని అక్కడ ఎవరైనా నాలుగుసార్లు ఆలోచిస్తారు. చాసీ అలా కాదు. ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే పార్సిల్ గుమ్మంలోకి వస్తుంది. తొందరపాటంతా ఇక్కడే జరుగుతుంది.

నీ యాక్షన్ రెమింగ్టన్ 700 ఫుట్‌ప్రింట్ (అడుగు కొలతలు), షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకి చేసిన రకం) అన్నావు. తెలివైన పని. 1962లో వచ్చిన ఆ రైఫిల్ కొలతలనే ఇవాళ కస్టమ్ యాక్షన్లు చేసేవాళ్ళు చాలామంది పాటిస్తున్నారు, కాబట్టి చాసీలకి కొదవ లేదు. కానీ ఫుట్‌ప్రింట్ కలిసిందంటే కింద రెండు మరలూ, రికాయిల్ లగ్ (పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బని ఆపే ముక్క) కూర్చునే చోటూ కలిశాయని మాత్రమే. బోల్ట్ పిడి ఏ వైపు కిందికి దిగుతుంది, బోల్ట్ స్టాప్ (బోల్ట్ వెనక్కి ఊడిపోకుండా ఆపే మీట) ఏ వైపు పొడుచుకొచ్చింది అనేవి ఆ మాటలో లేవు. ఎడమచేతి యాక్షన్‌లో పిడి ఎడమ పక్క ఉంటుంది, చాలా కస్టమ్ యాక్షన్లలో బోల్ట్ స్టాప్ కుడి పక్కకి వస్తుంది. చాసీ గోడల్లో ఈ రెండింటికీ వాటి వాటి వైపే గాడి ఉండాలి.

ఇక్కడ మా స్నేహితుడి కథ చెప్పాలి. పేరు వద్దులే, రాజమండ్రి మనిషి, నీలాగే ఎడమచేతి వాటం. ఫీనిక్స్‌లో మా ఇంటికి ఉత్తరాన బెన్ ఎవరీ రేంజ్ ఉంది కదా, శనివారాలు అక్కడికి కలిసి వెళ్ళేవాళ్ళం. మంచి ఎడమచేతి యాక్షన్ కొన్నాడు, మంచి బారెల్ (గొట్టం) వేయించాడు. ఎడమచేతి చాసీకి నెలల తరబడి ఆగాలన్నారని, ఎవరో వాడి అమ్మేసిన కుడిచేతి చాసీ తెచ్చాడు. ఎడమ గోడలో పిడి దిగడానికి తనే ఆకురాయితో గాడి తీశాడు. పని నీటుగానే చేశాడు. నల్ల రంగు కూడా వేశాడు, పైకి చూస్తే ఫ్యాక్టరీ పనిలాగే ఉంది.

మొదటి రోజు నుంచీ తూటాలు ఒకచోట పడలేదు. నూరు గజాల్లో మూడు తూటాలు ఒకదాని పక్కన ఒకటి పడతాయి, నాలుగోది ఎటో పోతుంది. మళ్ళీ రెండు కుదురుగా, మళ్ళీ ఒకటి ఎటో. స్కోపు (గురి చూసే దుర్భిణి) మార్చాడు. దాన్ని పట్టి ఉంచే రింగులు మార్చాడు. మందుగుండు మార్చాడు. చివరికి బారెల్ చేసినతనికి ఫోన్ చేసి గొడవపడ్డాడు. పాపం ఆయన తప్పేముంది? మధ్యమధ్యలో ట్రిగ్గర్ నొక్కితే "టక్" అని చప్పుడు తప్ప తూటా పేలేది కాదు. ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ళ) మీద పిన్ను గుర్తు చూస్తే మరీ పైపైన ఉండేది. ప్రైమర్లు మంచివి కావని ఆ పెట్టె పారేశాడు.

ఒకరోజు ఎండలో రైఫిల్ బెంచీ మీద పెట్టి, బోల్ట్ బయటికి తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. పిడి మొదట్లో, వేళ్ళు తగలని చోట, నల్ల పూత చెరిగి సన్నగా మెరుస్తోంది. వేలిగోరంత వెడల్పు కూడా లేదు. తను తీసిన గాడి అడుగుకి పిడి ఆనుతోంది, కావ్యా. బోల్ట్ మూసినప్పుడల్లా చాసీ పిడిని పైకి నెడుతోంది, యాక్షన్ మొత్తం దానితో పాటు ఒత్తిడి తింటోంది. ఒక్కోసారి పిడి పూర్తిగా దిగడం లేదు. అలా దిగనప్పుడు ట్రిగ్గర్ నొక్కితే స్ట్రైకర్ (ప్రైమర్‌ని కొట్టే పిన్ను) బలంలో కొంత బోల్ట్‌ని మూయడానికే ఖర్చయిపోతుంది, ప్రైమర్‌కి మిగిలింది చాలదు. స్కోపులకీ ప్రైమర్లకీ పెట్టిన డబ్బంతా ఆ మెరుపు గీత దగ్గర పోయింది.

అంతటితో అయిపోలేదు. గాడి ఇంకాస్త లోతు చేసి ఒక పోటీకి వెళ్ళాడు. కుడి గోడలో బోల్ట్ స్టాప్‌కి చోటు చాలదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. గడియారం నడుస్తుండగా, బారికేడ్ (రైఫిల్ ఆనించే అడ్డు) మీద ఉన్నవాడు బోల్ట్ గట్టిగా వెనక్కి లాగేసరికి అది మొత్తంగా చేతిలోకి ఊడొచ్చింది. గోడ ఒత్తిడికి స్టాప్ లోపలికి నొక్కుకుపోయింది మరి. రేంజ్ ఆఫీసర్ ఆపేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ చాసీని తర్వాత ఉచితంగా ఇస్తానన్నా ఎవరూ తీసుకోలేదు, ఆకురాయి తగిలిన అల్యూమినియం ఎవరికి కావాలి? చివరికి ఎడమచేతి చాసీకే ఆర్డరిచ్చి, మొదట ఆగనన్న నెలలన్నీ అప్పుడు ఆగాడు.

అందుకే నీ ఫొటో చూసి అంత గాభరా పడ్డాను. కెనడా ఎం.డి.టి. వాళ్ళు, కొలరాడోలో ఎక్స్.ఎల్.ఆర్., జార్జియాలో మాస్టర్‌పీస్ ఆర్మ్స్, ఇంకా కే.ఆర్.జి. వాళ్ళు రెమింగ్టన్ 700 షార్ట్ యాక్షన్‌కి ఎడమచేతి చాసీలు చేస్తారు. ప్రతి మోడల్‌లోనూ కాదు, ప్రతిసారీ స్టాకులోనూ ఉండవు. ఆర్డరిచ్చే ముందు వాళ్ళకి మెయిల్ రాయి: నీ యాక్షన్ తయారీదారు పేరు, మోడల్, ఎడమచేతిది అనే మాట, బోల్ట్ స్టాప్ ఏ వైపు ఉందో, బారెల్ కాంటూర్ (గొట్టం లావు తీరు) ఏమిటో. సరిపోతుందని రాతలో జవాబు వచ్చాకే డబ్బు కట్టు. ట్రిగ్గర్ కూడా సేఫ్టీ మీట ఎడమ పక్క ఉన్నదే తీసుకో. వచ్చాక బోల్ట్ మూసి, పిడి కింద డాలర్ నోటు దూర్చి చూడు, ఎక్కడా పట్టుకోకుండా జారాలి. బారెల్ కింద కూడా అంతే.

నువ్వు నాలుగో తరగతిలో ఉండగా విజయవాడ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాను, గుర్తుందా? బెలూన్లు కొట్టే కొట్టు దగ్గర గన్ను ఎడమ భుజానికి పెట్టుకున్నావు. ఆ కొట్టువాడు "అలా కాదు పాపా" అని లాక్కుని కుడి భుజానికి పెట్టాడు. ఒక్క బెలూనూ పేలలేదు, ఏడుపు ముఖంతో వచ్చేశావు. ఇంట్లో మా అమ్మ కూడా అంతే, ప్రసాదానికి ఎడమచెయ్యి చాపితే చిన్నగా ఒకటి వేసేది. కత్తెర, బడిలో బల్ల, అన్నిటికీ నువ్వే సర్దుకున్నావు. ఇప్పుడు నీ సంపాదనతో, నీ కోసం చేయించుకుంటున్న వస్తువు ఇది. దీంట్లో కూడా సర్దుకుంటానంటే నేను ఒప్పుకోను తల్లీ.

సర్దుకోవడం అంటే గుర్తొచ్చింది, పొడవు. మామూలుగా భుజానికి ఆనే స్టాకు చివర నుంచి ట్రిగ్గర్ దాకా 13.5 అంగుళాలు ఉంచుతారు. అది సగటు మగవాడి కొలత. నీ ఎత్తుకి 12, పన్నెండున్నర దగ్గర కుదరచ్చు. చాసీ ఎంత పొట్టిగా తగ్గుతుందో చూసుకో, ఎంత పొడవుగా సాగుతుందో కాదు. టైలర్‌కి బ్లౌజు కొలతలు ఇచ్చినంత శ్రద్ధగా ఇవ్వాలి: మోచెయ్యి మడిచి, మోచేతి లోపలి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా టేపు పెట్టించు. అది మొదలు మాత్రమే, మిగతాది బోర్లా పడుకుని రైఫిల్ పట్టుకున్నాకే తెలుస్తుంది. మెడ సాగదీయకుండా, కళ్ళు మూసి చెంప ఆనించి, కళ్ళు తెరిస్తే స్కోపులో నిండు వలయం కనపడాలి. నీ చెంప ఆనేది స్టాకుకి కుడి పక్క, కాబట్టి చెంపదిమ్మ అటు వైపుకి జరిగేదై ఉండాలి. ఆ దిమ్మ పైకి లేపాక బోల్ట్ వెనక్కి తీయడానికి అడ్డొస్తుందేమో కూడా చూడు. గ్రిప్ విషయంలో, బొటనవేలు ఆనించుకునే గట్టు ఎడమచేతికి ఉన్నదా లేదా అడుగు. చాలామంది మరిచిపోయేది ఇదే.

బరువు నీ ఇష్టం. పి.ఆర్.ఎస్. (ప్రెసిషన్ రైఫిల్ సిరీస్) పోటీల్లో 20 పౌండ్లు దాటిన రైఫిళ్ళు మామూలే, కదలదు కాబట్టి నీ తూటా ఎక్కడ తగిలిందో నువ్వే స్కోపులో చూసుకోవచ్చు. హంటర్ తరహా పోటీల మీద మనసుంటే అక్కడ తేలిక విభాగానికి 12 పౌండ్లు, బరువైన దానికి 16 పౌండ్ల హద్దు ఉంది. తేలికది కొని బరువులు తగిలించుకోవచ్చు, బరువైనది కొని కోయలేవు. అల్యూమినియం ఎండలో పెట్టి వదిలేయకు, ఇక్కడ జూన్‌లో చెంప కాలుతుంది. టెక్సస్ ఏమంత తక్కువ కాదు.

బిగించేటప్పుడు రైఫిల్‌ని నిటారుగా, స్టాకు చివర నేలకి ఆనించి నిలబెట్టు. లగ్ వెనక్కి కూర్చుంటుంది. ముందు మర, తర్వాత వెనక మర, కొంచెం కొంచెంగా. అల్యూమినియం చాసీలకి సాధారణంగా 60-65 ఇంచ్-పౌండ్లు అంటారు, నీ చాసీతో వచ్చే కాగితం మీద ఏముంటే అదే పాటించు. ఇంచ్-పౌండ్ల రెంచి కొను. కారు చక్రాలకి వాడే ఫుట్-పౌండ్ల రెంచి దగ్గరికి రానివ్వకు, మర విరుగుతుంది.

"టక్" అని పేలకపోతే ఏం చేయాలో మీ వాళ్ళు చెప్పే ఉంటారు, అయినా నేను చెప్తాను. బోల్ట్ ముట్టుకోకు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగు. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. మా స్నేహితుడు వెంటనే తెరవబోతే నేను అరిచిన అరుపు ఇప్పటికీ తలచుకుంటాడు.

ఇంకొకటి. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడకు. ఏ జేబులోనో ఒక్క తూటా ఉండిపోయి శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు. పండక్కి వచ్చినవాళ్ళు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగారని పేపర్లో చదువుతూనే ఉంటాను. నువ్వు సంక్రాంతికి వెళ్తున్నావు. ఇప్పుడే వేరే బ్యాగు కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు. ఇది కాగితం మీద చిల్లులు పెట్టే ఆట అనీ, ఆటకంటే సర్దడం, తుడవడం, లెక్క రాసుకోవడమే ఎక్కువనీ చెప్తాను. చేతి కొలత, బోల్ట్ స్టాప్ కనపడేలా యాక్షన్ ఫొటో నాకు పంపు. ఎడమచేతి చాసీకి ధర తేడా ఎంతొస్తే అంత నా పుట్టినరోజు కానుక అనుకో. ఈ శనివారం రేంజ్‌కి పోవడం లేదు, ఇంట్లోనే ఉంటాను. ఆ డిస్కౌంట్ చాసీని కార్ట్‌లోంచి తీసేసి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య